బల్ల మీద ఒక్క దెబ్బ

మా వీధి చివర వడ్రంగికి వేళ్ళు ఎలా తెగాయో అందరికీ తెలుసట, ఒక్క నాకు తప్ప. రొట్టెల దుకాణం ఆవిడైతే పక్కనే నిలబడి చూసినట్టు చెబుతుంది. ఆ పొద్దున మొగుడూ పెళ్ళాలకి మాటామాటా పెరిగిందట. ఆ కసి కడుపులో పెట్టుకుని, ఆయన రంపం మిషన్లో చెయ్యి పెట్టేదాకా ఓపిక పట్టి, అదను చూసి ఆవిడ స్విచ్చి వేసిందట. "పాముకి పాలు పోసి పెంచాడు పెద్దమ్మా" అంటూ నా చేతిలో రొట్టె పెట్టి కళ్ళు కూడా ఒత్తుకుంది. ఇరవయ్యేళ్ళుగా ఆయనకి వండిపెట్టింది ఆవిడ. ఎవరు ఎవరికి పాలు పోశారో నాకు అర్థం కాలేదు.

రెండు నెలలుగా ఈ మాట వీధిలో తిరుగుతోంది. తిరిగినకొద్దీ ఒళ్ళు చేసింది. దాన్ని ఇక్కడితో ఆపుదామనే ఇది రాస్తున్నాను. అయిదో తరగతితో బడి మానేసినదాన్ని. అక్షరాలు వంకరపోతే సర్దుకోండి, సంగతి మాత్రం తిన్నగానే ఉంటుంది.

ఆ వడ్రంగిని మా వీధిలో పేరు పెట్టి ఎవరూ పిలవరు. జాగ్రత్త మేస్త్రి అంటారు. ఆయన కార్ఖానా గుమ్మంలో ఎవరు అడుగుపెట్టినా "జాగ్రత్త, కింద మేకులున్నాయి" అన్నదే మొదటి పలకరింపు. బాగున్నారా అనడం ఆ తర్వాతే. పదకొండో ఏట మేనమామ దగ్గర పనికి చేరాడు. ఆ మేనమామకి రెండు చేతులూ కలిపి ఏడు వేళ్ళే. సాయంత్రం పని కట్టేసే ముందు పనివాళ్ళందరినీ వరసగా నిలబెట్టి చేతులు చాపించి, "పది ఉంటే తిండి, తొమ్మిదుంటే తన్నులు" అంటూ వేళ్ళు లెక్కపెట్టేవాడట. ఆ భయం మేస్త్రి ఒంట్లో ఇంకిపోయింది. సొంత కార్ఖానా పెట్టుకున్నాక గోడమీద పెన్సిలుతో పెద్ద అక్షరాలు రాసిపెట్టాడు: "చెయ్యి పెట్టే ముందు ఫ్యూజు తియ్యాలి."

అలాగని తప్పులు చెయ్యని మనిషనుకునేరు. పిచ్చి తప్పులు బోలెడు చేశాడు. ఒకసారి బెంచీకి పలక బిగిస్తూ తన చొక్కా అంచుని కూడా కలిపి మేకు దిగ్గొట్టుకున్నాడు. ఎవరో వస్తే మర్యాదగా లేచాడు, ఆయనతోపాటు బెంచీ కూడా లేచింది. ఇంకోసారి మా ఇంట్లో సామాన్ల గదికి తాళం బిగిస్తానని లోపలికి వెళ్ళి, పనెలా ఉందో చూద్దామని తలుపు వేసుకున్నాడు. తాళం చక్కగా పడింది. తాళంచెవీ, స్క్రూడ్రైవరూ రెండూ బయట ఉండిపోయాయి. "పెద్దమ్మా, మీ తాళం బ్రహ్మాండంగా పనిచేస్తోంది" అని లోపల్నించి అరిచాడు.

ఇవి నేను కూపీ తీసినవి కావు. ఆయనే టీ తాగుతూ, అడగని వాళ్ళకి కూడా, చేతులు తిప్పుతూ చెప్పేవాడు. చొక్కా కథ నాకే ఇరవైసార్లు చెప్పాడు. తన తప్పుకి తనే ముందు నవ్వేసే మనిషి. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు ఆ మిషన్ సంగతి. అదో ఇనప బల్ల. మధ్యలో సన్నని చీలిక, ఆ చీలికలోంచి సగం బయటికి వచ్చి తిరిగే పళ్ళచక్రం. చెక్కని ముందుకి తోస్తే వెన్నలా కోసేస్తుంది. స్విచ్చి మాత్రం మిషన్ దగ్గర లేదు. ఆ గది పూర్వం గోనెసంచుల గోదాము. మీటలన్నీ తలుపు వెనక గోడకే ఉన్నాయి. మిషన్‌కీ గోడకీ మధ్య నిలువెత్తున చెక్కల దొంతర. "వచ్చేవారం వైరు లాగి స్విచ్చి ఇటు తెచ్చేస్తాను" అని మేస్త్రి అనబట్టి తొమ్మిదేళ్ళు. ఊరందరి తలుపులూ సరిచేసేవాడికి తన స్విచ్చి జరుపుకోవడానికి తీరలేదు.

అందుకని ఆయన రంపం దగ్గర, భార్య స్విచ్చి దగ్గర. ఒకరికొకరు కనిపించరు. మిషన్ మోతలో కేక వినిపించదు. కాబట్టి వాళ్ళకో ఏర్పాటు ఉంది. చెక్కతో బల్లమీద ఒక దెబ్బ కొడితే స్విచ్చి వెయ్యాలి, వరసగా రెండు కొడితే ఆపాలి. చీలికలో చితుకు ఏదైనా ఇరుక్కుంటే, రెండు దెబ్బలు కొట్టి మోత ఆగాక "ఫ్యూజు" అని అరుస్తాడు. ఆవిడ గోడకున్న తెల్ల పింగాణీ ఫ్యూజు పీకి, చీరమీద తొడుక్కున్న పాత చొక్కా జేబులో వేసుకుంటుంది. అది ఆవిడ జేబులో పడితేగాని ఆయన చెయ్యి చక్రం దగ్గరికి పోదు. తొమ్మిదేళ్ళు అలా గడిచిపోయింది. ఒక్క గీత కూడా పడలేదు.

ఆ పొద్దున పోట్లాట జరిగిన మాట నిజమే, అంతవరకు రొట్టెలావిడ అబద్ధమాడలేదు. ఓ అలమరాలో పెట్టాల్సిన అర ఒకటి అరంగుళం పొట్టిగా తెగింది.

"టేపు తిన్నగా పట్టుకోవడం కూడా రాదు నీకు" అన్నాడట ఈయన.

"టేపు పట్టుకున్నది నేను, అంకె చదివింది మీరు" అందట ఆవిడ.

అక్కడితో ఇద్దరూ మూతి ముడుచుకుని ఎవరి చోటికి వాళ్ళు వెళ్ళారు. పది నిమిషాల తర్వాత ఆయన ఎడమచేతి చూపుడువేలూ, మధ్యవేలూ పై కణుపుల దగ్గర తెగిపోయాయి.

ఆసుపత్రిలో డాక్టరు ఎలా జరిగిందని అడిగితే, నొప్పితో పళ్ళు బిగించి మేస్త్రి అన్న మాట ఇదీ: "నేను దెబ్బ కొట్టలేదండీ. కొట్టకుండానే వేసేసింది." పక్కనే ఆవిడ నిలబడి ఉంది. వార్డు ఊడ్చే మనిషి కూడా ఉంది. ఆ మనిషి మన రొట్టెలావిడకి స్వయానా ఆడపడుచు. ఇక చెప్పేదేముంది! గోరంత కాస్తా రొట్టెతోపాటు పొంగి కొండంతయింది.

మొదట్లో మేస్త్రి భార్య నాతో గట్టిగానే చెప్పింది. "దెబ్బ వినిపించింది పెద్దమ్మా. ఒక్కటే. వేశాను."

వారం తర్వాత, "వినిపించిందనే అనుకున్నాను" అంది.

నెల తిరిగేసరికి, "ఆయన కొట్టలేదన్నారుగా. మరి నాకెక్కణ్ణించి వినిపించింది? పొద్దున కోపంగా ఉన్నాను. నాకు తెలీకుండానే నా చెయ్యి..." అని ఆగిపోయింది.

అప్పట్నించి ఆవిడ స్విచ్చి ముట్టుకోవడం మానేసింది. మిషన్ స్విచ్చి సరే, ఆ గుమ్మమే తొక్కడం లేదు. ఇంట్లో ఫ్యాను స్విచ్చి కూడా ముట్టుకోదు. "పెద్దమ్మా, కాస్త ఆ ఫ్యాను వేసిపెట్టవూ" అని పక్కింట్లోంచి, గోడ అవతల్నించి పిలిచేది. నేను వెళ్ళి వేసేదాన్ని. మళ్ళీ ఆపడానికో పిలుపు. మా ఇంట్లో అయిదు స్విచ్చులు, వాళ్ళింట్లో ఆరు, పదకొండింటికీ నేనే మహారాణినని మొదట్లో వేళాకోళం చేశాను. ఓ సాయంత్రం వెళ్ళేసరికి చీకట్లో వంటింటి గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. కుడిచేతిని ఒళ్ళో పెట్టుకుని, ఎడమచేత్తో గట్టిగా పట్టుకుని. దీపం వేశాను. ఆ మొహం చూశాక మళ్ళీ వేళాకోళం చెయ్యబుద్ధి కాలేదు.

మేస్త్రి ఏం చేస్తున్నాడంటారా? ఏమీ చెయ్యడం లేదు. కట్టు విప్పగానే మిషన్ మీద పాత దుప్పటి కప్పేసి, చేతిరంపంతో పని మొదలుపెట్టాడు. చిన్నాచితకా పనులు వస్తున్నాయి, అంతే. రొట్టెల దుకాణం ముందు ఆయన కనిపిస్తే చాలు, "శకునం చెప్పే బల్లి కుడితిలో పడింది" అని వెనకనించి ఒకటే కిసకిసలు. ఆయన తల వంచుకుని పోతాడు. టీ దగ్గర కూర్చోడు. కథలు లేవు. వేళ్ళు పోయిన సంగతి ఎవరడిగినా "అయిపోయింది లెండి" అంటాడు.

నన్ను తొలిచింది అక్కడే. చొక్కాకి మేకు కొట్టుకున్నది ఇరవైసార్లు చెప్పిన మనిషి ఇది ఒక్కసారైనా ఎందుకు చెప్పడు? తప్పు పెళ్ళాందే అయితే తిట్టొచ్చు, క్షమించొచ్చు, రెండూ చెయ్యడేం? నాకు ఏదైనా తెలియకపోతే నిద్ర పట్టదు. ఆ జబ్బు చిన్నప్పట్నించీ ఉంది.

ఓ మధ్యాహ్నం కార్ఖానాకి వెళ్ళి కూర్చున్నాను.

"జాగ్రత్త పెద్దమ్మా, ఆ స్టూలు కాలు ఊగుతుంది" అన్నాడు.

"నా కాళ్ళూ ఊగుతాయిలేవయ్యా, రెండింటికీ జోడు కుదిరింది" అన్నాను. నవ్వలేదు.

ఆయన పనిచేసుకుంటున్నాడు. నేను చూస్తున్నాను. చెక్క కోశాడు. కోసిన చెక్క పైకెత్తి, అంచుని బల్లకేసి టక్కున కొట్టాడు. పొట్టు రాలింది. పక్కన పెట్టాడు. ఇంకో చెక్క కోశాడు. ఎత్తాడు. టక్. పొట్టు రాలింది. పక్కన పెట్టాడు. ఒక్కొక్క చెక్కకి ఒక్కొక్క దెబ్బ. ఆయన తలైనా అటు తిప్పడం లేదు, చెయ్యి దాని మానాన అది కొట్టేస్తోంది. తెలియకుండానే వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టడం మొదలెట్టాను. ఏడు చెక్కలు, ఏడు దెబ్బలు.

అప్పుడు తలెత్తి నా వేళ్ళ వంక చూశాడు.

ఎనిమిదో చెక్కని బల్లకి కొట్టలేదు. నోటితో ఊదాడు.

దొంగకు తేలు కుట్టినట్టు అంటారే, అదీ ఆయన మౌనం. తెలుసు ఈయనకి. అడిగేద్దామనే వచ్చాను గానీ, ఆ పొట్టివేళ్ళు చెక్క పట్టుకోలేక జారుతుంటే చూసి, లేచి వచ్చేశాను.

ఇంటికొచ్చేసరికి పక్కింట్లో ఆవిడ బట్టలు సర్దుకుంటోంది. ఆదివారం అక్క దగ్గరికి వెళ్ళిపోతుందట.

"ఎన్నాళ్ళకి వస్తావే?" అన్నాను.

"రాను పెద్దమ్మా. ఈ చెయ్యి మంచిది కాదు. ఇవాళ వేళ్ళు తీసింది, రేపు ఇంకేం తీస్తుందో. నేను పక్కన లేకపోతే ఆయనకి మిగిలిన ఎనిమిదైనా ఉంటాయి."

నేను చూసింది అక్కడే చెప్పేయొచ్చు. నాలుక చివరిదాకా వచ్చింది. కానీ నేను చెబితే అది పెద్దమ్మ ఓదార్పు అవుతుంది. నా కోసం అంటున్నావులే అంటుంది. కొట్టలేదన్నది ఆయన నోరు. ఆ మాట వెనక్కి తీసుకోవలసింది కూడా ఆ నోరే.

శనివారం పొద్దున మా ఇంట్లో పీట ఒకటి కాలు ఊడింది. ఎలా ఊడిందని అడక్కండి, సుత్తి నా దగ్గరా ఉంది. "అమ్మాయ్, ఇది నేను మొయ్యలేను, కార్ఖానాదాకా పట్టు" అన్నాను. ససేమిరా అంది. "రేపు వెళ్ళిపోయేదానివి, ముసలిదానికి ఈ మాత్రం చెయ్యలేవూ" అంటే లేచింది. పీట పట్టుకుని వచ్చింది గానీ గుమ్మం దగ్గరే ఆగిపోయింది. తలుపు వెనక ఆ మీటలున్నాయిగా, వాటివంక చూడకుండా మొహం వీధివైపు తిప్పేసుకుంది.

మేస్త్రి ఆవిణ్ణి చూశాడు. చేతిలో ఉలి బల్లమీద పెట్టాడు. చప్పుడు కాకుండా పెట్టాడు.

"ఏవయ్యా" అన్నాను, "ఆ రోజు సంగతి చెప్పు."

"ఇప్పుడవన్నీ ఎందుకు పెద్దమ్మా. అయిపోయింది."

"నీకు అయిపోయింది. ఆవిడకి అవలేదు. చొక్కాకి మేకు కొట్టుకున్నది అడక్కుండానే ఇరవైసార్లు చెప్పావు. తాళం వేసుకుని లోపల ఉండిపోయింది పదిసార్లు చెప్పావు. ఇది నేను అడుగుతున్నాను, ఆవిడ వింటోంది. ఆ రోజు బల్లమీద దెబ్బ కొట్టావా, లేదా?"

ఆయన తన ఎడమచెయ్యి వంక చూసుకున్నాడు. తర్వాత గోడమీద పెన్సిలు రాత వంక చూశాడు. ఆ తర్వాత గుమ్మంకేసి తిరిగాడు. అడిగింది నేనే అయినా, జవాబు నాకు చెప్పలేదు.

"కొట్టాను. చెక్కకున్న పొట్టు దులుపుకోవడానికి కొట్టాను. రెండో చెయ్యి అప్పటికే, ఆగి ఉన్న చక్రం పక్కన ఇరుక్కున్న చితుకు మీద ఉంది. పొద్దున కోపంలో నీతో మాట్లాడకూడదనుకున్నాను, అందుకే ఫ్యూజు తియ్యమని కూడా అనలేదు. డాక్టరు అడిగినప్పుడు గుర్తులేదు, నిజం. మూడోనాడు కట్టు మారుస్తుంటే పళ్ళెంలో కత్తెర టక్కున పడింది, అప్పుడు గుర్తొచ్చింది. జాగ్రత్త మేస్త్రి పొట్టు దులుపుకుంటూ వేళ్ళు పోగొట్టుకున్నాడంటే నవ్వుతారని నోరు మూసుకున్నాను. నువ్వు తప్పు వినలేదు. ఒక్క దెబ్బ కొట్టాను, ఒక్క దెబ్బ విన్నావు. రేపు వెళ్ళాలనుంటే వెళ్ళు, ఆపను. కానీ నా మీద కోపంతో వెళ్ళు. నీ చేతికి భయపడి మాత్రం వెళ్ళకు."