రాతిగుండు ఎక్కి తీసిన ఫోటో

మా చిన్నప్పుడు... చేన్లో సద్ది తినగానే అన్న నన్ను నడిమి రాతిగుండు ఎక్కించేవాడు. కల్వకుర్తి దగ్గర మా బాపు ఆముదాల చేను అది. వెనక నుంచి రెండు భుజాలూ పట్టుకుని నన్ను మెల్లగా చుట్టూ తిప్పేవాడు.

"జర పైలం... ఏమేం కనపడుతున్నయో చెప్పు."

"గుట్ట... తాటిచెట్లు... ఎర్రబస్సు... బాపు రుమాలు..."

"లేగను ఇడిసిపెట్టినవ్. మల్ల తిరుగు!"

ఒక్కటి వదిలేసినా మళ్లీ మొదటి నుంచి తిరగాల్సిందే. లోకం గుండ్రంగా ఉంటుందని బడిలో పంతులు చెప్పకముందే అన్న నాకు చూపించాడు...

తర్వాత చదువులు, పెళ్లి, హైదరాబాదులో లెక్చరర్ ఉద్యోగం. బాపు పోయాక చేను అన్న పేరు మీదికి మారింది. నా వంతు నేను అడగలేదు. ఊరికి పోయినప్పుడు ఆ గుండెక్కితే చాలనుకున్నాను. అలా అనుకోవడం మంచితనమో, తెలివితక్కువతనమో... ఇప్పటికీ తేల్చుకోలేను.

తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు, ఒక దసరాకు వెళ్తే అన్నే అడిగాడు. "చెల్లె, నీ ఫోన్ల చుట్టూతా ఫోటో వస్తదంట గద. గుండెక్కి ఒకటి తియ్యరాదు. బాపు యాదికి ఇంట్ల పెట్టుకుందం."

నాకెంత సంతోషమో! చెయ్యిచ్చి పైకి లాగాడు. మెల్లగా తిరగమని ఫోన్ తెర మీద గీత చూపిస్తోంది. జారకుండా నా భుజం పట్టుకుని, నాతోపాటే నా వెనక తిరిగాడు అన్న. సరిగ్గా అప్పుడే కింద మేక కదిలింది... ఫోటోలో దానికి ఆరు కాళ్లు పడ్డాయి.

వదిన చూసి పడీపడీ నవ్వింది. "గీ మేకను కోస్తే చుట్టాలందరికి తొడలే తొడలు!"

"నీ తమ్ముడొక్కడొస్తే గవి గూడ సాలయ్," అన్నాడు అన్న.

ఆ రోజే ఫోటో అన్న ఫోన్‌కు పంపాను.

కొన్ని నెలల తర్వాత స్టాఫ్‌రూంలో తోటి లెక్చరర్ తన ఫోన్ నా ముందు పెట్టింది. "మేడం, మీ దిక్కే ప్లాట్లు వేస్తున్నారట... వేలితో జరపండి, చుట్టూ ఎంత బాగా కనపడుతుందో!"

జరిపాను. గుట్ట... తాటిచెట్లు... చేను నిండా తెల్లని గీతలు, గీతల మధ్య నంబర్లు. ఇంకాస్త జరిపితే ఒక నంబరు పక్కన... ఆరు కాళ్ల మేక.

వరండాలోకి వెళ్లి అన్నకు ఫోన్ చేశాను.

"అన్నా, గది నేను దీసిన ఫోటోనే గదా?"

"అవు. మస్తొచ్చింది. జాగ చూడొచ్చినోళ్లందరు గదే మెచ్చుకున్నరు."

"బాపు యాదికి అంటివి గదా..."

చాలా మెత్తగా అన్నాడు. "ఫోటో నీదే చెల్లె. జాగ నాది."

తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు.

ఫోటోకని నన్ను గుండెక్కించిన నాటికే బేరం మాట్లాడుకున్నాడా... లేక నిజంగా బాపు కోసమే తీయించి, తర్వాత మనసు మార్చుకున్నాడా? నా వెనకే తిరిగింది నేను పడకూడదనా... ఫోటోలో తాను పడకూడదనా? ఒకరోజు ఒకటి నిజమనిపిస్తుంది, ఇంకోరోజు ఇంకొకటి. అడిగితే చెబుతాడేమో. ఏది చెప్పినా నమ్మలేనేమోనని అడగలేదు.

నేల చదును చేస్తూ గుండును పగలగొట్టేశారు. మొన్న దసరాకు అన్న చేతిలో జమ్మి ఆకు పెట్టి, ఎప్పటిలాగే కాళ్లు మొక్కాను. "సల్లగుండు చెల్లె," అన్నాడు. లేచి నిలబడ్డాను గానీ, ఆయన మొహంలోకి మాత్రం చూడలేకపోయాను.

ఇప్పుడు చుట్టూ చూడాలంటే మెడ తిప్పే పని కూడా లేదు... వేలు కదిపితే చాలు. అప్పుడైతే ఎవరో ఒకరు వెనక నిలబడి భుజాలు పట్టుకోవాలి... మిమ్మల్ని అలా తిప్పి లోకం చూపించిందెవరు? వాళ్లతో ఇప్పటికీ కళ్లలోకి చూసి మాట్లాడగలుగుతున్నారా... చెప్పండి, వినాలని ఉంది.