మూడు లాంతర్ల దగ్గర ఎడమచెయ్యి

విజయనగరం చరిత్ర రాసినవాళ్ళు కోటగోడల గురించి రాశారు, యుద్ధాల గురించి రాశారు, సంగీత సభల గురించి రాశారు. ప్రతి మంగళవారం సాయంత్రం మూడు లాంతర్ల కూడలి దగ్గర ఒక మోరిస్ మైనర్ కారు కిటికీలోంచి బయటికి వచ్చే పద్మకుమారి ఎడమచెయ్యి గురించి మాత్రం ఒక్కరూ ఒక్క వాక్యం రాసిన పాపాన పోలేదు. అది చరిత్రకారుల నిర్లక్ష్యమే తప్ప ఆ చేతి లోపం కాదు. నిండుగా ఆకుపచ్చ మట్టిగాజులు వేసుకున్న ఆ చెయ్యి కనబడగానే ఆటోలు ఆగేవి. సైకిలు మీద వాళ్ళు ఒక కాలు కింద పెట్టేవారు. నడిరోడ్డు మీద పడుకున్న ఎద్దు కూడా ఒకసారి తలెత్తి చూసి, తన నిర్ణయం మాత్రం మార్చుకోకుండా మళ్ళీ తల వాల్చేది. కారు ఎడమకి తిరిగి పైడితల్లి గుడివైపు వెళ్ళేది. చెయ్యి లోపలికి వెళ్ళేది. పట్టణం మళ్ళీ తన పనిలో పడేది.

ఈ సంప్రదాయానికి మూలపురుషుడు పేరు తెలియని ఒక పెద్దమనిషి.

ఆ కారు రంగనాథం తండ్రి కొన్నది. దేశం విడిచి వెళ్ళిపోతున్న ఒక జూట్ మిల్లు మేనేజరు దగ్గర కొన్నాడు. ఆ కాలపు కార్లకి మిణుకుమిణుకుమనే లైట్లు ఉండేవి కావు. ముందు తలుపు వెనకాల సన్నటి గాడి, ఆ గాడిలో జానెడు రెక్క ఉండేవి. మీట తిప్పితే ఆ రెక్క బయటికి లేచి, కడుపులో నారింజరంగు దీపం వెలిగించుకుని, కారు ఎటు తిరగబోతోందో లోకానికి మర్యాదగా విన్నవించేది. పెళ్ళయిన ఏడు రంగనాథం భార్యకి పైడితల్లి జాతరలో సిరిమాను ఊరేగింపు చూపించడానికి ఆ కారులో బయలుదేరాడు. ఎడమకి తిరగబోతూ రెక్క లేపాడు. ఇంతలో జనం కమ్ముకుని కారు ఆగిపోయింది. భుజం మీద పిల్లవాణ్ణి ఎక్కించుకున్న ఒక పెద్దమనిషి, సిరిమాను ఇంకాస్త బాగా కనబడాలని ఆ రెక్క పట్టుకుని పైకి నిక్కాడు. సిరిమాను కనబడింది. రెక్క ఆయన చేతికి వచ్చేసింది. ఆయన దాన్ని కిటికీలోంచి కొత్త పెళ్ళికూతురి ఒళ్ళో పెట్టి, దణ్ణం పెట్టి, జనంలో కలిసిపోయాడు.

"ఇప్పుడెలాగే?" అన్నాడు రంగనాథం, స్టీరింగు పట్టుకుని బిగుసుకుపోయి.

"ఎలాగేటండీ? నేను సెయ్యి సూపిస్తాను, మీరు తిప్పండి," అంది పద్మకుమారి.

అది తాత్కాలిక ఏర్పాటు. మన దేశంలో తాత్కాలిక ఏర్పాట్లకి ఎంత ఆయుర్దాయం ఉంటుందో అందరికీ తెలిసిందే. కూతురు హర్షిత పుట్టి, చదివి, శ్రీకాకుళంలో కాలేజీ లెక్చరరు అయ్యేదాకా ఆ ఏర్పాటు సాగింది.

రెక్క బాగుచేస్తానని మెకానిక్ జోగయ్య పట్టుకెళ్ళి, రెండు ముక్కలుగా ఉన్నదాన్ని తొమ్మిది ముక్కలు చేసి, అన్నీ జాగ్రత్తగా పొట్లం కట్టి తిరిగి ఇచ్చాడు. ఆ తరవాత అతనే ఒక సలహా చెప్పాడు.

"బాబూ, మోటారుసైకిలు లైటొకటి అతికించీనా? అద్దగంటలో అయిపోతాది."

రంగనాథం ఇత్తడి సామాను వర్తకుడు. అతుకుపెట్టిన బిందెని అతని కొట్టు గడప తొక్కనివ్వలేదు, తండ్రి హయాంలోనూ తొక్కలేదు. "జోగయ్యా, అసలుది దొరకాలి. లేకపోతే అసలుదానికి అచ్చుగుద్దినట్టుండేది దొరకాలి. పెట్టుడు సామాను నా కారుకొద్దు," అన్నాడు.

"మరి నా సెయ్యి పెట్టుడు కాదేటి?" అని లోపల్నించి పద్మకుమారి గొంతు వినబడింది.

 ఆ మర్నాటినించే రంగనాథం వెతకడం మొదలుపెట్టాడు. సరుకు కోసం వెళ్ళిన ప్రతి ఊళ్ళోనూ పాత ఇనప సామాను బజారు చూడనిదే బండెక్కేవాడు కాదు. కలకత్తాలో తలుపు అద్దం తిప్పే పిడి దొరికింది. మద్రాసులో నంబరుప్లేటు దీపం దొరికింది. బయటి తలుపు పిడి ఎక్కడా దొరక్క, శ్రీకాకుళం దగ్గర బుడితి అనే ఊళ్ళో కంచు పోసేవాళ్ళచేత పోయించాడు. అది తలుపు పిడిలాగే ఉండేది, కొంచెం గుడిగంటలాగా కూడా ఉండేది. ఎడమరెక్క మాత్రం ఏ ఊళ్ళోనూ లేదు. కుడిరెక్కలు రెండు దొరికాయి. వాటిని ఏంచేయాలో తెలియక బీరువాలో పెట్టాడు.

నాలుగేళ్ళ కిందట పద్మకుమారికి పక్షవాతం వచ్చింది. ఎడమవైపు పడిపోయింది.

ఆసుపత్రినించి ఇంటికి తీసుకొచ్చేటప్పుడు, ఆవిడ కోరికమీదే, కారు తెచ్చాడు. మూడు లాంతర్లు వచ్చాయి. రంగనాథం కారు నెమ్మది చేశాడు. పక్కనుంచి గాజుల చప్పుడు వినబడి అటు చూశాడు. పద్మకుమారి కుడిచేత్తో తన ఎడమచెయ్యి మణికట్టు పట్టుకుని కిటికీ వైపు ఎత్తుతోంది. చెయ్యి అంచుదాకా వెళ్ళి జారి ఒళ్ళో పడింది. మళ్ళీ ఎత్తింది. మళ్ళీ పడింది. వెనకాల ఒక లారీ హారన్ కొడుతూనే ఉంది.

"తిప్పీయండి, ఎవరూ లేరు," అంది ఆవిడ, రోడ్డు వైపు చూడకుండానే.

ఆరోజు కారు షెడ్డులో పెట్టి రంగనాథం ఒక నిర్ణయం తీసుకున్నాడు. రెక్క దొరికేదాకా ఆ కారు కదలకూడదు. ఆవిడ మళ్ళీ ఆ పక్కన కూర్చునేసరికి, చెయ్యి ఎత్తవలసిన పని ఉండకూడదు.

పద్మకుమారి కోరిక మాత్రం చిన్నది. రామతీర్థం కొండకి వెళ్ళి రాములవారిని చూస్తానని ఆసుపత్రిలో మొక్కుకుంది. మన కారులోనే వెళ్ళాలి.

"ఆటోలో ఎల్దామా?" అని రంగనాథం అడిగాడు.

"ఆటోలో ఎల్తానని మొక్కుకోలేదండీ." కాసేపాగి, నవ్వి, "సూశారా, ఇప్పుడు నాకూ మీ కారుకీ లేనిది ఒకే సెయ్యి," అంది.

రంగనాథం నవ్వలేదు. కొట్టుకి వెళ్ళి, బేరానికి వచ్చిన మనిషికి ఇత్తడి గంగాళం చూపించబోయి, ఏం చూపించాలో మరిచిపోయి నిలబడ్డాడు.

వెతుకులాటని కూతురు హర్షిత తన ఫోనులోకి తీసుకుంది. ఇంగ్లండులో ఒక చిన్న వర్క్‌షాపు ఉందిట. అక్కడ కొందరు వృద్ధులు పాత నమూనాలు దగ్గర పెట్టుకుని, పాతకార్లకి కొత్తగా పాతసామాను తయారుచేస్తారట. ఎడమరెక్క చేస్తారా అని రాసింది. చేస్తాం, కానీ వరసలో చాలామంది ఉన్నారని జవాబొచ్చింది. తన ఎడమరెక్క కోసం ఎదురుచూస్తున్నవాళ్ళు ప్రపంచంలో ఇంకా ఉన్నారని తెలిసి రంగనాథానికి కొంత ఊరట కలిగింది, కొంత అసూయ కలిగింది.

వరస కదిలింది. పార్సెలు వచ్చింది. ఆషాఢమాసం మొదట్లో వచ్చింది.

ఆషాఢంలో రంగనాథం కొట్లో కొత్త సరుకు దింపడు. కొత్త తాళంచెవి కూడా వాడడు. అట్టపెట్టెకి పసుపు రాసి, బొట్టు పెట్టి, దేవుడి గదిలో పెట్టాడు. శ్రావణంలో మొదటి మంగళవారం పెట్టె విప్పి, రెక్క బిగించి, అటునించి అటే రామతీర్థం వెళ్ళాలని ముహూర్తం నిర్ణయమైంది.

"ఇంగ్లండులో ఆషాఢం లేదు కదండీ," అంది పద్మకుమారి మంచం మీంచి.

"పార్సెలిప్పుడు ఇజీనగరంలో ఉన్నాది."

"రాముడేటైనా ముహూర్తం అడుగుతాడేటి?"

"ఇన్నేళ్ళు ఆగేం. నెల్లాళ్ళు ఆగలేమేటే?"

"మీరు ఆగుతారు. నాకు తెలుసు." ఆవిడ కళ్ళు మూసుకుంది. "పోనీ విప్పొద్దులెండి. ఓసారి ఇలాగియ్యండి."

ఇచ్చాడు. ఆవిడ పెట్టెని ఒళ్ళో పెట్టుకుని, కుడిచేత్తో అట్టమీంచి ఇటు కొసనించి అటు కొసదాకా తడిమింది. చెవి దగ్గర పెట్టుకుని కొద్దిగా ఊపింది.

"ఊపకే. అద్దం దీపం ఉంటాది లోపల."

"ఊపలేదు, పలకరించేను."

తరవాత ప్రతిరోజూ ఒకసారి ఆ పెట్టె అడిగేది. ప్రతిరోజూ అతను ఇచ్చేవాడు, మళ్ళీ తీసుకెళ్ళి దేవుడి గదిలో పెట్టేవాడు. జోగయ్య వచ్చి షెడ్డులో బ్యాటరీ మార్చాడు, టైర్లలో గాలి కొట్టాడు, పద్మకుమారి కూర్చునే సీటుకి కొత్త గుడ్డ వేశాడు. "అమ్మగారూ, మీరు మారాణీలాగ కూకోవడవే. సెయ్యి బయట పెట్టేరంటే నేనొప్పుకోను," అని గుమ్మంలోంచి కేకేశాడు.

"అలవాటురా జోగయ్యా. లెగిస్తే పెట్టీగలను, జాగర్త," అంది ఆవిడ.

ఆషాఢం ఇంకా కొద్దిరోజులుందనగా, ఒక తెల్లవారుజామున రంగనాథం కాఫీ పట్టుకెళ్ళేసరికి పద్మకుమారి లేవలేదు.

చావు జరిగిన ఇంట్లో ఏడాదిదాకా శుభకార్యాలు లేవు. కనుక ముహూర్తాలు చూడవలసిన అవసరమూ లేదు. కర్మకాండ అయిపోయాక వచ్చిన ఒక మంగళవారం, సరిగ్గా రాహుకాలంలో, రంగనాథం దేవుడి గదిలోంచి పెట్టె తెచ్చి జోగయ్య చేతిలో పెట్టాడు.

"ఇప్పుడా బాబూ?" అన్నాడు జోగయ్య.

"ఇప్పుడే."

జోగయ్య అట్ట కోశాడు. పసుపు మరక పక్కకి పోయింది. లోపల మెత్తటి కాగితంలో చుట్టిన రెక్క. ఎడమదే. ఎక్కడా ఆకురాయి పెట్టకుండా, ఒక్క దెబ్బ కొట్టకుండా, గాడిలోకి వెళ్ళి కూర్చుంది. అంత తేలిగ్గా పట్టేసినందుకు జోగయ్యకే ఏదో తప్పు చేసినట్టనిపించి, మరలు విప్పి మళ్ళీ ఒకసారి బిగించాడు. ఇరుగుపొరుగువాళ్ళు షెడ్డు ముందు చేరారు. శ్రీకాకుళంనించి వచ్చిన హర్షిత గుమ్మంలో నిలబడింది.

రంగనాథం కారులో కూర్చుని మీట తిప్పాడు. రెక్క మెల్లిగా లేచింది. దీపం వెలిగింది. షెడ్డు గోడమీద నారింజరంగు వెలుగు పడింది. 

మీట దించాడు. రెక్క లోపలికి వెళ్ళింది. మళ్ళీ తిప్పాడు. లేచింది. రంగనాథం దాన్ని దించకుండా, పక్క సీటు కొత్త గుడ్డ మీద చెయ్యి పెట్టుకుని, చాలాసేపు అటే చూస్తూ కూర్చున్నాడు.

"నాన్నా," అంది హర్షిత దగ్గరికి వచ్చి, "అమ్మ మొక్కు... మనవిద్దరం ఎల్లొద్దావా రామతీర్థం?"

"ఏడాదిదాకా కొండ ఎక్కకూడదమ్మా," అన్నాడు రంగనాథం.

"పోనీ పైడితల్లి గుడిదాకా?"

"అది కూడా గుడే కదమ్మా."

జోగయ్య తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. "బ్యాటరీ అయిపోతాది బాబూ. మరి కారు తీస్తారేటి? ఎక్కడికైనా?"

గుడి, ఆసుపత్రి పోగా రంగనాథం ఇంక వెళ్ళవలసిన చోటు కొట్టు ఒక్కటే. అది అదే వీధిలో, ఒక్క మలుపూ లేకుండా తిన్నగా ఉంది.