ఏనుగుకీ గాడిదకీ మధ్య మా ఏకాహం

మాట పుట్టకముందే మన మనసు వినేవాడికి, పుట్టిన మాటను మనం ఏం చేస్తున్నామో చూస్తూ కూడా మన నోళ్లు మూయించనివాడికి, రామచంద్రమూర్తికి ముందుగా నా నమస్కారం. నీ పేరు పలకమని నాలుక ఇచ్చావు స్వామీ. దాంతో మేం ఏమేం పలుకుతున్నామో నీకు తెలుసు. అయినా పొద్దున్నే మళ్లీ లేపి కూర్చోబెడుతున్నావు. నీ ఓర్పుకు జయం.

ఇక సంగతికి వస్తాను. మా ఇంట్లో ఇద్దరు అమెరికా రాజకీయ నాయకులున్నారు. ఒకరు మా అన్నయ్య, ఇంకొకరు మా ఆయన. ఇద్దరూ మలేసియాలో బాగన్ దాతుక్ దగ్గర కొబ్బరి తోటల్లో పుట్టి, తెలుక్ ఇంటాన్‌లో ఉద్యోగం చేసి, అక్కడే రిటైరయ్యారు. అమెరికాలో ఇద్దరికీ ఓటు లేదు, చుట్టం లేడు. ఒకసారి సింగపూర్ వెళ్లి, మన అన్నం లేదని బెంగపెట్టుకుని మర్నాడే బస్సెక్కి వచ్చేసిన మహానుభావులు. కానీ అమెరికా ఏమైపోతుందో అన్న దిగులుతో ఇద్దరికీ నిద్ర పట్టదు. మా వీధి మురుగు కాలువ పొంగి గుమ్మం దాకా వచ్చినప్పుడు మాత్రం ఇద్దరూ హాయిగా నిద్రపోయారు.

అన్నయ్యది ఏనుగు గుర్తు పార్టీ. ఏనుగంటే సాక్షాత్తూ వినాయకుడట. మా ఆయనది గాడిద గుర్తు. దుర్గమ్మ తొమ్మిది రూపాల్లో ఒకామె గాడిద మీదే వస్తుందని ఆయన కూడా ప్రమాణం చూపించారు. పావడా కట్టే వయసు నుంచి రామాయణ తరగతుల్లో కూర్చున్నదాన్ని. శాస్త్రం చదివితే ఇలాంటి పనికి కూడా వస్తుందని మా గురువుగారు చెప్పలేదు.

వాళ్ల ధర్మశాస్త్రం చాలా తేలిక. మనవాడు అధ్యక్షుడై గోల్ఫ్ ఆడితే, పాపం, దేశం బరువు మోసి అలసిపోయాడు. అవతలివాడు ఆడితే జనం సొమ్ముతో కులుకుతున్నాడు. మనవాడు మెట్ల మీద తూలితే మెట్లు సరిగ్గా కట్టలేదు. అవతలివాడు తూలితే మతి పోయింది. కోర్టు మనవైపు తీర్పిస్తే అక్కడ ఇంకా ధర్మం నిలబడి ఉంది, ఇవ్వకపోతే జడ్జి అమ్ముడుపోయాడు. ఈ సూత్రాలు అన్నయ్యవా, మా ఆయనవా అని అడక్కండి. ఇద్దరివీ. నాలుగేళ్లకోసారి ఒకరి మాటలు ఇంకొకరు అక్షరం పొల్లుపోకుండా తీసుకుంటారు. ఒకరినొకరు విననట్టే ఉంటారు గానీ, అంత బాగా ఎలా కంఠతా వస్తుందో నాకు అర్థం కాదు.

పడవలెక్కి వచ్చినవాళ్లు ఆ దేశాన్ని పాడుచేస్తున్నారని అన్నయ్య బాధపడతాడు. మా తాత విశాఖపట్నం రేవులో ఓడెక్కి ఈ తోటలకు కూలికి వచ్చినవాడని నేను గుర్తుచేస్తే, “అది వేరే లా, చెల్లీ,” అంటాడు, చివర మా మలేసియా ‘లా’ తగిలించి. ఎలా వేరో ఈరోజు వరకు చెప్పలేదు. మా ఆయనేమో అందరినీ కలుపుకుపోవాలంటారు. నల్లవాళ్లు, తెల్లవాళ్లు, అన్ని మతాలవాళ్లు, అందరూ. ఒక్క మా అన్నయ్యని తప్ప. అన్నయ్య వస్తున్నాడంటే కుర్చీ తీసుకుని వెనక పెరట్లోకి వెళ్లిపోతారు.

ఇంతవరకూ నవ్వుకుని ఊరుకోవచ్చు. నేనూ ఊరుకున్నాను, ఈ ఏడాది ఏకాహం దాకా.

అన్నయ్య కూతురు పోర్ట్ క్లాంగ్‌లో సరుకు రవాణా కంపెనీలో పనిచేస్తుంది. ముప్పై దాటింది. రెండుసార్లు కడుపు వచ్చి, నిలవకుండా పోయింది. మూడోసారి నిలిచినప్పుడు మా అమ్మ మొక్కుకుంది: ఎనిమిదో నెల రాగానే తోటలోని మా రామమందిరంలో ఏకాహం చేయిస్తానని. ఆ పిల్లకి తెలుగు అర్థమవుతుంది, మాట్లాడటం కష్టం. ఏకాహం అంటే ఏమిటో నన్నడిగి తెలుసుకుంది. తర్వాత, “బ్రేక్ అవకూడదు కదా అత్తా?” అంది. అంతే అడిగింది.

అవకూడదు. ఒక సూర్యోదయం నుంచి మర్నాటి సూర్యోదయం దాకా రామనామం తెగకూడదు. అదే ఏకాహం. వంతులవారీగా పాడతాం. మా మందిరంలో వంతు మార్చుకునే పద్ధతి ఒకటుంది. కొత్తగా వచ్చినవాడు పాడుతున్నవాడి పక్కన కూర్చుని, అదే వరసలో గొంతు కలిపి, కాసేపు ఇద్దరూ కలిసి పాడతారు. పాడుతూనే ఇతని చేతిలోని తాళాలు అతని చేతిలోకి వెళతాయి. ఆ తర్వాతే మొదటివాడు ఆపాలి. గొంతు కలపకుండా తాళాలు తీసుకోకూడదు. మా తాతల కాలం నుంచీ ఇంతే.

ఒకప్పుడు వంతుకి పదిమంది ఉండేవారు. ఇప్పుడు పిల్లలంతా పట్నాల్లో ఉన్నారు, వంతుకి ఒక్కరు దొరికితే గొప్ప. అందుకే అన్నయ్య వంతుకీ మా ఆయన వంతుకీ మధ్య పోర్ట్ క్లాంగ్ నుంచి వచ్చే మా చిన్నాన్న కొడుకుని పెట్టాను. దేశాల మధ్య సరిహద్దులాగా. దారిలో ఏదో లారీ బోల్తాపడితే, ఆ సరిహద్దు కాస్తా కార్లోనే చిక్కుకుపోయింది.

ఆ రోజు పొద్దున ఇడ్లీల దగ్గర అన్నయ్య ఫోన్లో ఎవరిదో ఉపన్యాసం గట్టిగా పెట్టాడు. గాడిద పార్టీవాళ్లు దేశద్రోహులని ఆ పెద్దమనిషి అరుస్తున్నాడు. అన్నయ్య మా ఆయన వైపు చూస్తూ, “కరెక్టుగా సెప్పినాడు. దేశద్రోహులే,” అన్నాడు. ఏ దేశానికి ద్రోహమో, ఎవరు చేశారో అడగాలనిపించింది. కానీ సాంబారు మాడుతోంది.

మధ్యాహ్నం నేను మందిరం వెనక రేకుల షెడ్డులో పులిహోర కలుపుతున్నాను. వంతులు పాడే మిగతావాళ్లంతా భోజనాల దగ్గర ఉన్నారు. మైకులో అన్నయ్య గొంతు వినిపిస్తోంది, బాగా అలిసిపోయి. ఇప్పుడు మా ఆయన గొంతు కలవాలి. మా ఆయన గొంతు వినిపించింది గానీ, రామనామం కాదు.

“ఆ మాట ఎనక్కి తీసుకో బావా. అప్పుడు కూకుంటాను.”

మైకులో. తోటంతా వినేట్టు.

“నోటితో అక్కర్లేదు. సెయ్యెత్తు సాలు.”

అన్నయ్య నామం ఆపకూడదు కాబట్టి జవాబు చెప్పలేడు. కానీ రామనామంతో తిట్టొచ్చని ఆ రోజు తెలిసింది. ‘రామ రామ’ అంటుంటే ‘పోరా పో’ అన్నట్టే వినిపించింది. స్వామి పేరు అలా కూడా పలకొచ్చని భక్తి తరగతుల్లో చెప్పలేదు.

చేతుల నిండా పసుపన్నంతో పరుగెత్తాను. నేను వెళ్లేసరికి మా ఆయన గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. ప్రజాస్వామ్యాన్ని కాపాడుతున్నవాడి నిలబడడం అది. అన్నయ్య దీపం ముందు కళ్లెర్రజేసుకుని తల అడ్డంగా ఊపుతున్నాడు. గోడవార కుర్చీలో పొట్ట మీద చేతులేసుకుని మేనకోడలు. దాని పక్కన చాప మీద మా అమ్మ.

“అల్లుడూ, కూకో నాయనా,” అని అమ్మ బతిమాలుతోంది. “ఒరే, ఆ దేశపు ఐసీ కార్డు ఉందేటిరా మీ ఇద్దరికీ? ఓటుందేటి?”

“ఇది పిన్సిపులు అత్తా,” అన్నారు మా ఆయన.

అప్పుడు అన్నయ్యకి పొరపోయింది. దగ్గాడు. దగ్గుతూనే ఉన్నాడు. తాళాలు ఆగిపోయాయి.

ఎంతసేపో నేను చెప్పలేను. ఒక ఊపిరంత. దీపం వత్తి చిటపటమన్న చప్పుడు వినిపించింది. ఆ మందిరంలో ఏకాహం నాడు ఆ చప్పుడు నేనెప్పుడూ వినలేదు.

“రామ… రామ… రామ…”

మేనకోడలు. కుర్చీలోంచి లేవలేదు, తాళాలు లేవు, వరస లేదు. భయపడిన గొంతుతో, బడిలో పాఠం అప్పజెప్పినట్టు. నేను వెంటనే అందుకున్నాను. అమ్మ అందుకుంది. పసుపు చేతులతోనే అన్నయ్య చేతిలోంచి తాళాలు లాక్కుని కూర్చున్నాను. అన్నయ్యా, మా ఆయనా మెల్లగా బయటికి జారుకున్నారు. జీవితంలో మొదటిసారి ఇద్దరూ ఒకే వైపు నడవడం చూశాను.

బయట నిశ్శబ్దంగా ఉన్నారనుకుంటున్నారా? నేను పాడుతున్నాను గానీ చెవులు ఖాళీయే.

“నీ వల్లే తెగిపోయినాది.”

“నా వల్లేటి? ఆగినాది నీ గొంతు. నానేటి దగ్గినానా?”

“నువ్వు కూకునుంటే దగ్గొచ్చునా?”

“అంతే లా. మీవోళ్లు ఏటి సేసినా అవతలోడి మీదికి తోసెయ్యడమే.”

“మీవోళ్లు సేసిందేటి మరి?”

మందిరం పెద్దాయన భోజనం ముగించి చెయ్యి కడుక్కుని వచ్చారు. వయసులో అందరికన్నా పెద్ద, తగువు తీర్చడంలో నిదానస్తుడు. విషయం విని, “తెగితే మళ్లా మొదట్నించి సెయ్యాల. ఎవరి వల్ల తెగినాదో ఆళ్లే పొద్దు పొడుపు నుంచి పొద్దు పొడుపు దాకా కూకోవాల. ఎవరి వల్ల?” అన్నారు.



“తెగడమేటి? తెగలేదు,” అన్నాడు అన్నయ్య.

“ఎక్కడ తెగినాది? నాను ఇక్కడే ఉన్నాను కదా,” అన్నారు మా ఆయన.

“దగ్గు కూడా నామంలోకే వస్తాది.”

“బావ సెప్పింది కరెక్టు.”

రెండు పార్టీల ఏకగ్రీవ తీర్మానం! ఆ దేశంలో ఎంతోమంది పెద్దలు కలిసి చేయలేని పని మా మందిరం అరుగు మీద అయిపోయింది. పెద్దాయన ఇద్దరినీ చూసి, “సుడా లా,” అని మలాయిలో ‘ఇక చాలు’ అనేసి, చెప్పులేసుకుని వెళ్లిపోయారు. వంతులకి సరిపడా మనుషుల్ని మళ్లీ పోగుచేయడం ఆయన వల్లా కాదు, నా వల్లా కాదు.

సూర్యోదయానికి హారతిచ్చాం. మేనకోడలు కారెక్కుతూ నా చెయ్యి పట్టుకుంది.

“అత్తా, ట్రూ సెప్పు. బ్రేక్ అయిందా, లేదా?”

చుట్టూ చూశాను. అన్నయ్య టైర్లలో గాలి చూస్తున్నాడు. మా ఆయన ఆకాశం చూస్తున్నారు. మనవాడి తప్పు తప్పు కాదని రోజంతా వాదించే ఇద్దరికీ ఆ పిల్ల కళ్లలోకి చూసి ఒక్క మాట చెప్పే ధైర్యం లేకపోయింది. నాకూ తెలియదు. ఊపిరి పీల్చుకునేంత ఖాళీ రోజూ ప్రతి భక్తుడి నామంలోనూ ఉంటుంది. కానీ ఆ ఖాళీ ఊపిరి కోసం వచ్చింది కాదు. అది పంతం కోసం వచ్చింది. ఆ రెంటికీ తేడా స్వామికి తెలుస్తుంది.

“తెలీదమ్మా,” అన్నాను. “నువ్వు పలికింది మాత్రం ఆయన విన్నాడు.”

తల ఊపింది. నమ్మిందో లేదో.

ఇప్పుడు తనకు నెలలు నిండాయి. ఏ రోజైనా ఆస్పత్రి నుంచి ఫోన్ రావచ్చు. మా ఇంట్లో టీవీ మోగుతూనే ఉంది. అక్కడెవరో ఇంకెవరినో దేశద్రోహి అంటున్నారు. మా ఆయన తలూపుతున్నారు.

చదువుతున్న మీరు ఏ ఊరివారైనా, ఎవరి పక్షాన ఉన్నా, ఎవరిని చూస్తే మీకు ఒళ్లు మండినా సరే, ఒక్క ఊపిరిసేపు అదంతా పక్కన పెట్టండి. ఆ మధ్యాహ్నం మేం ఖాళీగా వదిలేసిన చోట మీరు నాతో గొంతు కలపండి. గట్టిగా అక్కర్లేదు. పెదవి కదిపినా చాలు. మా పిల్లకి, దాని కడుపులో ఉన్న బిడ్డకి క్షేమం కోరుతూ, నేను మొదలుపెడుతున్నాను, మీరు అందుకోండి: రామ.