రేపు పని లేదు

మా ఊరు ప్రత్తిపాడు పక్కన. అమ్మ మిరపకాయ కోతల ముఠాలో కూలి. నేను ఎంసీఏ చదివి ఉద్యోగం రాక, ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్పుకుంటూ, ఇంటికొచ్చాక పాత ల్యాప్‌టాప్‌లో వెబ్ ఏపీఐలు రాయడం నేర్చుకునేదాన్ని. చిన్న జావాస్క్రిప్ట్ ఫ్రేమ్‌వర్క్‌తో పది లైన్లు రాస్తే సర్వర్ లేచి, అడిగినదానికి జవాబు చెబుతుంది. ఆ పది లైన్లకే నాకు కళ్ళు నెత్తికెక్కాయి.

ముఠా మేస్త్రి రోజూ సాయంత్రం వీధివీధీ తిరిగి, మర్నాడు ఎవరి చేలోకి వెళ్ళాలో చెప్పేవాడు. పాపం, మోకాళ్ళ నొప్పులు. "నాకు ఫోన్ చెయ్యి బాబాయ్, అందరి ఫోన్లలో కనబడేట్టు నేను పెడతాగా" అన్నాను. రెండు వారాలు బాగానే నడిచింది. అమ్మ మొహం వెలిగిపోయింది.

ఎక్కించిన వివరాలన్నీ సర్వర్ మెమరీలోనే ఉంచాను. సర్వర్ ఆగి మళ్ళీ మొదలైతే అన్నీ పోతాయని పాఠంలో చదివాను. డేటాబేస్ తర్వాత చూద్దాంలే అని బద్ధకించాను. జాబితా ఖాళీగా ఉంటే "రేపు పని లేదు" అని చూపించమని రాసిందీ నేనే. పని లేకపోవడం వేరు, నాకు తెలియకపోవడం వేరు. ఆ ముక్క నా చదువుకు తట్టలేదు.

ఒక చేలో మొదటి కోతకు ముందురోజు మధ్యాహ్నం మేస్త్రి ఫోన్ చేస్తే, స్కూలు నుంచే ఎక్కించాను. ఫోన్లో ఉంది కదా అని అమ్మకు నోటితో చెప్పలేదు. పొద్దున లేచేసరికి అమ్మ తీరిగ్గా బట్టలు నానబెడుతోంది.

"వెళ్ళలేదేంటమ్మా?"

"ఇయ్యాల పని లేదుగా. ఫోన్లో చూశాం."

నిన్న నేను ఎక్కించాక సర్వర్ ఆగి మళ్ళీ మొదలై, జాబితా ఖాళీ అయిపోయింది. మేస్త్రి కుంటుకుంటూ గడపగడపకీ తిరిగి అందర్నీ పోగేసి చేను చేరేసరికి, పక్క ఊరి ముఠా సాళ్ళలో దిగిపోయింది.

"కాయ పండిపోయింది. ఎంతసేపని చూసేది?" అన్నాడు రైతు. ఆయన తప్పేం లేదు. మా వైపు మొదటి కోత ఎవరు కోస్తే మిగతా కోతలూ వాళ్ళవే. ఆ చేలో మా వాళ్ళకు ఈ ఏటికి పని పోయింది.

ఒక్కరూ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. సాయంత్రం నేను ఏడుస్తూ, డేటాబేస్ పెడతాను, ఇంకెప్పుడూ ఇలా జరగదు అన్నాను. అమ్మ నా రెండు చేతులూ పట్టుకుంది.

"ఇంక మాకేం సాయం చెయ్యమాకమ్మా" అని బతిమాలింది.