పడుగు మీద పడ్డ వెంట్రుక

మా చిన్నప్పుడు... తెల్లవారకముందే వీధి పొడవునా పడుగు పరిచేవారు. మాది తిరుత్తణి వైపు అత్తిమంజేరిపేటలో నేతపని ఇల్లు. మగ్గానికి ఎక్కించబోయే నూలు పోగులను రెండు చివరలా కర్రలకు లాగి కట్టి, గంజి పట్టించి, పెద్ద కుంచెతో దువ్వుతూ ఆరబెట్టేవారు. ఎండ ముదరకముందే పని అయిపోవాలి. ఆ తడి మీద ఏది పడినా అతుక్కుపోతుంది...

ఆ రోజు నేను గంజి కుండ దగ్గర నిలబడి పోగు పోగూ వెతికి చూస్తున్నాను. పని కోసం కాదు... జూలీ కోసం.

జూలీ మా కుక్క. ఆవడి ఫ్యాక్టరీలో పనిచేసే మా మామ తెచ్చి ఇచ్చాడు. అక్కడి ఆఫీసరు ఒకాయన బదిలీ మీద ఉత్తరాదికి పోతూ మామకు వదిలి వెళ్ళాడట. లాబ్రడార్ అని చెప్పాడు మామ. మా వీధికి మాత్రం అది సీమకుక్క, అంతే. ఎండుగడ్డి రంగు. ఎన్ని నీళ్ళు పోసినా చర్మం దాకా తడవనంత దట్టమైన బొచ్చు.

ఆ బొచ్చుతోనే వచ్చింది తంటా. రాలడం మొదలైతే ఆగేది కాదు. చాప మీద, చద్దన్నంలో, దీపం నూనెలో, చుట్టిపెట్టిన నూలు కండెల మీద... అమ్మ రెండు పూటలా ఊడ్చినా మూలల్లో పీచులాగా చేరేది. సొరి పట్టింది, గజ్జి లాంటిది, పిల్లలకు అంటుకుంటుంది అన్నారు వీధిలో వాళ్ళు. నాన్న వేపాకు నూరి పూయించాడు. పశువుల డాక్టరు చూసి, జబ్బేమీ లేదు, ఈ జాతికి ఇంతే, రోజూ దువ్వాలి అన్నాడు. కుక్కకు దువ్వెనా అని అందరూ నవ్వారు.

అందరికంటే అవ్వకు, అంటే నాన్న వాళ్ళ అమ్మకు, ఎక్కువ చిరాకు. మడి చీర ఆరేసిన దండెం కింద జూలీ నడిచిందంటే చాలు, ఆ చీరను మళ్ళీ తడిపేది.

ఆ పడుగు మామూలుది కాదు. నాన్న పెద్ద జబ్బు చేసి లేచినప్పుడు మొక్కుకున్నది... తిరుత్తణి కొండ మీద మురుగన్ దేవేరులు వల్లీ దేవసేనలకు రెండు చీరలు. ఇందులో ఒక్క బొచ్చు వెంట్రుక కనబడినా జూలీ సాయంకాలం రైలుకు ఆవడికి పోతుందని నాన్న ముందు రోజే చెప్పేశాడు. ఫ్యాక్టరీ క్వార్టర్స్‌లో వాళ్ళు గొడవ చేస్తేనే మామ దాన్ని మా దగ్గరకు తెచ్చాడు. తిరిగి పోతే రోడ్డు మీద వదిలెయ్యడమే... అది ఇంట్లో అందరికీ తెలుసు.

అందుకే జూలీని పెరట్లో కట్టేసి, తలుపు గడియ పెట్టి, తలకు పోసుకుని, ఉతికిన పావడా కట్టుకుని వచ్చాను.

సగం పడుగుకు గంజి పట్టింది. నాన్న ఒక పక్క, చిన్నాయన ఇంకో పక్క కుంచె పట్టి నడుస్తున్నారు. అప్పుడు చూశాను... నాన్న భుజం మీది తుండుగుడ్డకు రెండు వెంట్రుకలు. ఎండుగడ్డి రంగువి. దండెం మీద ఆరుతున్నప్పుడు అంటుకున్నాయి కాబోలు.

చెబితే జూలీ బొచ్చు పడుగు దాకా వచ్చిందని తేలిపోతుంది. చెప్పకపోతే పడుగు మీదే రాలుతాయి. నాన్న వంగినప్పుడల్లా ఆ గుడ్డ అంచు పోగుల మీద ఊగుతోంది... నేను లోలోపల మురుగా, మురుగా అనుకుంటూ దాని వెంటే నడుస్తున్నాను. అరుగు మీద కూర్చుని జపం చేసుకుంటున్న అవ్వ నన్నే చూస్తోంది. నా చూపు ఎక్కడుందో, ఆమె చూపు కూడా అక్కడికే వెళ్ళింది.

నాన్న ఆగి, తుండుగుడ్డతో మొహం తుడుచుకున్నాడు. తిరిగి భుజాన వేసుకునేసరికి దాని మీద ఒకటే ఉంది.

కాసేపటికి చిన్నాయన కుంచె ఆపాడు. "అన్నా, ఈడ ఏందో ఉండాది."

నాన్న వంగి గోటితో పైకి లేపాడు. వేలెడు కూడా లేదు. పక్కింటి వాళ్ళు కూడా పని ఆపి చూస్తున్నారు. నాన్న నా వైపు తిరిగాడు. మొహంలో కోపం లేదు... అందుకే ఇంకా భయమేసింది.

"యాడ్నించి వచ్చినాది ఇది?"

నేను నోరు తెరవకముందే అరుగు మీద నుంచి అవ్వ గొంతు వినబడింది. "నాదే, నాయినా."

అవ్వ ఆడి నెలలో, ఆడికృత్తిక పండగకు కొండ మీద తలనీలాలు ఇచ్చి వచ్చింది. అప్పటికి ఆమె జుట్టు కూడా వేలెడు పెరగలేదు. పూర్తిగా నెరిసిన జుట్టు... కానీ గంజిలో తడిశాక ఏది తెలుపో, ఏది పసుపో ఎవరు చెప్పగలరు?

నాన్న చేతిలోని వెంట్రుకను చూశాడు. అవ్వ తలను చూశాడు. "నీదేనా మా?"

"ఇందాక తల తుడుచుకున్నా గదా... గాలికొచ్చి పడుంటాది."

చిన్నాయన మెల్లగా అన్నాడు. "అయితే అమ్మను గూడా సాయంకాలం రైలెక్కించాల్నా అన్నా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. నాన్న నవ్వలేదు. వెంట్రుకను తీసి పారేసి, ఆ చోట పోగులను వేళ్ళతో విడదీసి చాలాసేపు చూశాడు. "ఎండెక్కతా ఉండాది, కుంచె పట్టు" అన్నాడు చివరికి. తుండుగుడ్డను మాత్రం భుజం మీద నుంచి తీసి, అమ్మ చేతికిచ్చి లోపలికి పంపాడు...

సాయంకాలం రైలు వేళ దాటిపోయింది. నేను పెరట్లో జూలీ మెడ పట్టుకుని కూర్చున్నాను. లోపల అవ్వ స్వామి పటం ముందు నిలబడి రెండు చెంపలూ వేసుకుంటోంది... నెమ్మదిగా, ఎవరికీ వినబడకుండా. అవ్వ అబద్ధమాడగా నేను విన్నది ఆ ఒక్కసారే.

మరునాడు అవ్వ తన కొయ్య దువ్వెన జూలీకి ఇచ్చేసింది. నా తలకు ఇప్పుడెందుకు అంది. రోజూ తెల్లవారుజామున తానే దువ్వేది, గొణుక్కుంటూ. ఆ తరువాతే స్నానం, మడి, పూజ.

ఇప్పుడు నేను తిరువళ్ళూరులో ఉంటున్నాను. అత్తిమంజేరిపేటలో మా పాత వీధిలో ఇప్పుడు పడుగులు పరవడం లేదు, బండ్లు నిలుపుతున్నారు. ఇక్కడ మా పక్కింట్లో అదే జాతి కుక్క ఉంది. వెంట్రుకలు మా వాకిట్లోకి ఎగిరి వస్తే ఆ ఇంటి అమ్మాయి చీపురుతో పరుగెత్తుకొస్తుంది, సారీ ఆంటీ అంటూ. ఉండనీ తల్లీ అంటాను...

ఎవరి తప్పు వాళ్ళదే అని లెక్క తేల్చుకునే కాలం ఇది. మన కోసం ఒక్క అబద్ధమాడి, ఆ తరువాత దేవుడి ముందు ఒంటరిగా చెంపలు వేసుకున్న మనిషి మీ ఇంట్లోనూ ఉండేవారా? ఉంటే రాయండి... వాళ్ళ పేరు కూడా రాయండి. పూజలో ఒకసారి తలుచుకుంటాను.