రజియా చాచి అల్లిన చక్రాలు

మొన్న ఆదివారం పొద్దున షాద్‌నగర్‌లో మా ఇంటి వరండాలో కూర్చుని, ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న పెద్ద అట్టపెట్టెను కూరగాయల కత్తితో కోశాను. మూత తెరవగానే ఒక వాసన వచ్చింది. కొత్త వార్నిష్‌కూ, కొద్దిగా మాడిన బెల్లం పాకానికీ మధ్య ఎక్కడో ఉంటుంది ఆ వాసన. సైకిల్ చక్రాలకు వేసే కొత్త కార్బన్ రింగుల వాసన అలాగే ఉంటుంది. వంటింట్లో ఏమైనా మాడుతోందా అని మా ఆయన లోపలి నుంచి అడిగాడు. రింగుల వాసనేనని చెప్పాను. అప్పటికే మనసు నందికొండకు, హిల్ కాలనీ నుంచి కిందికి దిగే దారిలో ఉన్న చిన్న సైకిల్ దుకాణానికి వెళ్లిపోయింది. ఆ దుకాణం వెనుక గదిలో కూర్చుని పనిచేసే రజియా చాచి దగ్గరికి వెళ్లిపోయింది.

ప్రత్యేక రాష్ట్రం వచ్చిన రెండు మూడేళ్లకు నాకు నందికొండలోని బాలికల బడిలో ఫిజిక్స్ టీచరుగా పోస్టింగు వచ్చింది. కొత్త ఊరు, ఒంటరి గది. సాయంత్రాలు తోచక, హైదరాబాద్‌లోని ఒక స్నేహితురాలి పాత రేసు సైకిల్ తెచ్చుకుని ఊరి పక్కనే ఉన్న డ్యామ్ చుట్టుపక్కల తిరగడం మొదలుపెట్టాను. అది మెల్లగా పిచ్చిగా మారింది. హైదరాబాద్ శివారు నుంచి మల్లేపల్లి దాకా వచ్చి, అదే రోజు వెనక్కి వెళ్లే రెండు వందల కిలోమీటర్ల సవారీ ఒకటి జరుగుతుందని తెలిసి పేరు ఇచ్చాను. మాల్ అనే ఊరు దాటాక వెనుక చక్రంలో నాలుగు పుల్లలు ఒకదాని వెంట ఒకటి తెగిపోయాయి. సైకిల్‌ను ట్రాలీ ఆటోలో వేసుకుని, టమాటా బుట్టల పక్కన కూర్చుని వెనక్కి వచ్చాను. ఆ అవమానం చాలా రోజులు నిద్రపోనివ్వలేదు. మళ్లీ వెళ్లాలి, ఈసారి మంచి చక్రాలతో వెళ్లాలి అనుకున్నాను. పేరున్న చక్రాలు నా జీతానికి అందేవి కావు. అందుకే ఇంటర్నెట్‌లో దొరికే చవక కార్బన్ రింగులు ఒక జత తెప్పించాను. రింగుకు పుల్లలు వేసి చక్రం అల్లించడం ఎంతసేపు, ఏ సైకిల్ షాపులోనైనా చేస్తారు కదా అనుకున్నాను.

నందికొండలో యూసుఫ్ చాచా సైకిల్ దుకాణం పేరు అటు హాలియా దాకా తెలుసు. పాల డబ్బాలు మోసేవాళ్లు, చేపల బుట్టలు కట్టుకునేవాళ్లు యూసుఫ్ చేయి పడితే చక్రం పదేళ్లు కదలదని చెప్పుకునేవాళ్లు. ఆయన నా రింగును ఒక వేలికి తగిలించుకుని ఊపి చూశాడు. ఇది రింగా, అప్పడమా అని నవ్వాడు. తర్వాత అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

“టీచరమ్మా, గిది నాతోని గాదు. జర లోపలికి రా.”

దుకాణం వెనుక ఉన్న ముతక పరదాను ఆయన పక్కకు జరిపాడు. లోపల కిటికీ కింద, చెక్కపలకకు తలకిందులుగా బిగించిన పాత సైకిల్ ఫోర్కులో ఒక చక్రం తిరుగుతోంది. దాని ముందు చిన్న పీట మీద, ముక్కు చివరికి జారిన కళ్లద్దాలతో, చేతిలో సుద్దముక్కతో ఒక ఆమె కూర్చుని ఉంది. తిరుగుతున్న రింగుకు సుద్దముక్కను దగ్గరగా పట్టుకుని, తెల్లగా గీత పడిన చోట, అంటే వంకర ఉన్న చోట ఆపి, బిగించే చావితో పుల్లను పావు చుట్టు తిప్పుతోంది. ఆమే రజియా చాచి, యూసుఫ్ చాచా భార్య. పెళ్లయిన కొత్తలో ఆయనే పని నేర్పాడట. ఆరు నెలల్లో ఆమె పని ఆయన పనిని దాటిపోయింది. ఆయనకు ఓపిక తక్కువ, ఆమెకు చెవి ఎక్కువ. ఇరవై ఏడేళ్లుగా ఆ దుకాణం నుంచి బయటకు వెళ్లిన ప్రతి చక్రం ఆమె అల్లినదే. యూసుఫ్ చేయి అని చుట్టుపక్కల ఊళ్లన్నీ చెప్పుకుంటున్నది ఈ చేయి. బయట ఒక్కరికీ తెలియదు.

చాచి నా రింగులు రెండింటినీ ఒళ్లో పెట్టుకుని, వేలి కణుపుతో చుట్టూ కొడుతూ విన్నది. కుండ కొనేటప్పుడు ఆడవాళ్లు కొట్టి చూసినట్టే. మొదటిది అంతా ఒకే మోత మోగింది. రెండోదానిలో ఒక జానెడు చోట మోత చచ్చుగా వచ్చింది. నాలుగైదు సార్లు కొట్టి, నా వేలు పట్టుకుని నాతోనూ కొట్టించింది. అక్కడ లోపల అతుకు సరిగా పట్టలేదని, ఇది వాపస్ పంపమంది. నాకు కోపం వచ్చింది. వందల మంది బాగుందని రాశారని, బొమ్మలు కూడా పెట్టారని వాదించాను.

“మంచిదని రాసినోళ్లు గీ రింగును సూసిన్రా బిడ్డా?” అని మాత్రం అడిగింది.

ఆ చచ్చు మోతను ఫోనులో రికార్డు చేసి అమ్మినవాళ్లకు పంపాను. వారం రోజులు నసిగి, చివరికి ఇంకొకటి పంపుతామన్నారు. అది రావడానికి నలభై రోజులు పట్టింది. నా జీవితంలో అంత బాగా గడిచిన నలభై రోజులు ఎక్కువ లేవు.

రోజూ బడి వదలగానే చాచి దగ్గరికి వెళ్లేదాన్ని. ముందు ఒక తుప్పు రింగు ఇచ్చి అల్లమంది. నాలుగో రోజుకు మొత్తం చక్రం అల్లేసి, బహుమతి తెచ్చుకున్న పిల్లలా ఆమె ముందు పెట్టాను. చాచి దాన్ని ఒక్క చుట్టు తిప్పి, గాలి యాడికెల్లి కొడ్తవు అని అడిగింది. చూస్తే, ట్యూబు మూతి బయటకు రావాల్సిన రంధ్రం మీద సరిగ్గా రెండు పుల్లలు అడ్డంగా దాటి ఉన్నాయి. పంపు కాదు కదా, వేలు కూడా పట్టదు. చాచి పీట కదిలేటట్టు నవ్వింది. నేనూ నవ్వాను. బయట నుంచి యూసుఫ్ చాచా ఏమైందని అడిగితే, ఫిజిక్స్ ఫెయిలైందని చెప్పాను. అన్ని పుల్లలూ విప్పి మళ్లీ మొదలుపెట్టాను.

పుల్లల పొడవు దగ్గర మరోసారి ఓడిపోయాను. రింగు లోపలి కొలత వెబ్‌సైటులో ఇచ్చారు. దానితో కాగితం నిండా లెక్క వేసి, పుల్లలు ఎంత పొడవు ఉండాలో దశాంశాలతో సహా చాచికి చదివి వినిపించాను. ఆమె ఏమీ అనకుండా రెండు పాత పుల్లలను సమానంగా కత్తిరించి, రింగులో ఎదురెదురు రంధ్రాల నుంచి లోపలికి దూర్చి, వాటి కొసల మధ్య మిగిలిన ఖాళీని టేపుతో కొలిచింది. పుల్లల పొడవు, ఆ ఖాళీ కలిపితే రింగు లోపలి అసలు కొలత. వాళ్లు రాసినదానికి నాలుగు మిల్లీమీటర్లు తక్కువ వచ్చింది. నా లెక్క ప్రకారం పుల్లలు తెప్పిస్తే అన్నీ పొడవై, బిగువే పట్టకపోయేవి.

“లెక్క మంచిగనే జేసినవు. కొలతనే నీది గాదు,” అన్నది చాచి. ఎగతాళిగా అనలేదు. నిజంగానే లెక్క మెచ్చుకుని, ఆ కాగితం మడిచి తన డబ్బాలో దాచుకుంది.

రెండో రింగు వచ్చింది. చాచి కొట్టి విని తల ఊపింది. ముందు చక్రం ఆమె అల్లింది, వెనుకది నన్ను అల్లమంది. ఆఖర్లో పుల్లలు బిగించేటప్పుడు ఇంకో పావు చుట్టు, ఇంకో పావు చుట్టు అని తిప్పుతూ పోయాను. తెగిన పుల్లల భయం నాలో ఇంకా పోలేదు. రింగు ఎక్కడో సన్నగా కిర్రుమంది. చాచి నా చేతి మీద తన చెయ్యి వేసింది. ఆ చెయ్యి గరుకుగా, వెచ్చగా ఉంది. ఇనుము అయితే వంగి మనకు చెప్తుందని, ఇది చెప్పకుండా పగులుతుందని, కాబట్టి మనమే ముందు ఆగాలని అన్నది. తర్వాత ఒక్కో పుల్లను గోటితో మీటింది. ఒక వైపువన్నీ ఒకే స్వరం పలికేదాకా నాతో కొన్ని వదులు చేయించింది. చివరికి చక్రం తిప్పి సుద్దముక్క పట్టుకుంటే, నల్లటి రింగు మీద ఎక్కడా తెల్ల గీత పడలేదు.

ఆ రోజే నాకు తెలిసింది, చాచి ఎప్పుడూ సైకిల్ తొక్కలేదని. ఇన్ని వేల చక్రాలు అల్లిన మనిషి ఒక్కసారి కూడా సీటు మీద కూర్చోలేదు. మర్నాడు పొద్దున్నే మా బడి మైదానానికి ఇద్దరినీ రమ్మన్నాను. అక్కడి వంటమనిషి కూతురి ఆడపిల్లల సైకిల్ అడిగి తీసుకున్నాను. దాని చక్రాలు కూడా చాచి అల్లినవే. యూసుఫ్ చాచా క్యారియర్ పట్టుకుని వెనుక పరుగెత్తాడు. చాచి మొదటి రోజు రెండుసార్లు పడింది. మోచెయ్యి గీసుకుపోయినా రేపు రావాలా అని ఆమే అడిగింది. నాలుగో రోజు ఆయన చెయ్యి వదిలేశాడు. చాచి మైదానం అంతా ఒక చుట్టు చుట్టింది. రెండో చుట్టు, మూడో చుట్టు. నేను చప్పట్లు కొడుతున్నాను. యూసుఫ్ చాచా ఆయాసంతో నేల మీద చతికిలబడి, కళ్లు తుడుచుకుంటూ చూస్తున్నాడు. ఐదో చుట్టులో మా ముందు నుంచి వెళ్తూ చాచి అన్నది:

“ఆపుడెట్లనో ఎవలు చెప్పలే.”

ఆ తర్వాతి సవారీలో రెండు వందల కిలోమీటర్లూ పూర్తి చేశాను. తిరుగుదారిలో గతుకుల మీద ప్రతి కుదుపుకూ చెవి చక్రం మీదే పెట్టాను. ఒక్క పుల్ల కూడా గొణగలేదు. చివర్లో తోటివాళ్లు చుట్టూ మూగి ఇవి ఏ కంపెనీ చక్రాలని అడిగారు. ఆ సంతోషంలో ముందూ వెనుకా చూడకుండా, నందికొండలో రజియా చాచి నేర్పించి, దగ్గరుండి చేయించిందని చెప్పేశాను. పై ఆదివారమే నలుగురు తమ చక్రాలు కారులో వేసుకుని వచ్చారు. నేను కూడా దుకాణం దగ్గరే ఉన్నాను. వాళ్లు యూసుఫ్ చాచాను రజియా మేడం ఉన్నారా అని అడిగారు.

అప్పుడు గానీ నాకు వెలగలేదు. చెప్పే ముందు నేను వాళ్లిద్దరిలో ఎవరినీ అడగలేదు. ఇరవై ఏడేళ్ల పేరు ఆయనది. దుకాణం ముందు ఎప్పటిలా పాలవాళ్లు కూడా కూర్చుని ఉన్నారు. చాచా చేతిలోని పనిముట్టు కింద పెట్టి లేచాడు. తర్వాత లోపలికి వెళ్లి, ఫోర్కు బిగించిన చెక్కపలకను రెండు చేతులతో మోసుకొచ్చి దుకాణం ముందు వెలుతురులో పెట్టాడు. పీట తెచ్చి భుజం మీది తువ్వాలుతో తుడిచాడు. రజియా, బయటికి రా, నీ కోసం వచ్చిన్రు అని పిలిచాడు. చాచి కొంగు సర్దుకుంటూ వచ్చి, మేడం అన్న మాటకు నవ్వాపుకోలేక, వచ్చినవాళ్ల చక్రాన్ని అడ్డం పెట్టుకుని ముఖం దాచుకుంది.

వాళ్లు వెళ్లాక నేను చాచా దగ్గరికి వెళ్లి, తప్పు చేశానని చెప్పుకున్నాను.

“ఇన్నేండ్ల సంది సలాములన్ని నేనే తీస్కున్న బిడ్డా,” అన్నాడాయన. “మోస్తుంటె బరువుండె.”

నాలుగేళ్ల తర్వాత నాకు షాద్‌నగర్‌కు బదిలీ అయింది. చాచి ఇప్పటికీ దుకాణం ముందే కూర్చుంటుంది. కళ్లద్దాలు మందమయ్యాయి గానీ చెవికి ఏమీ కాలేదు. అప్పుడప్పుడు ఏదో ఒక చక్రం పుల్లలు మీటి, ఆ చప్పుడును నా ఫోనుకు పంపి, ఎట్లున్నదని అడుగుతుంది. ఆమె దగ్గర చక్రం అల్లడం నేర్చుకున్నాను, నిజమే. కానీ అంతకంటే పెద్దది ఇంకొకటి నాతో వచ్చింది. ఏదైనా బాగుందని పదిమందీ అంటుంటే, ఇది ఎవరి చెయ్యి అని లోపలికి వెళ్లి చూడకుండా ఉండలేను.

పోయిన ఏడాది ఇక్కడి మా బడికి ఒక పెద్ద అధికారి వచ్చి, పిల్లలతో పాటు భోజనం చేసి, పప్పు ఎంతో బాగుందని ప్రధానోపాధ్యాయుడిని మెచ్చుకున్నాడు. ఆయన చేతులు కట్టుకుని నవ్వాడు. నేను లేచి వంటగదిలోకి వెళ్లి, ఆ పప్పు వండిన, రానని మొరాయిస్తున్న లక్ష్మమ్మను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను. అధికారి ఆమె పేరు అడిగాడు. ఆమె తడి చేతులు చీరకు తుడుచుకుని, నేల చూస్తూ, ఇంటిపేరుతో సహా స్పష్టంగా చెప్పింది. అప్పటికి మూడేళ్లుగా ఆమె చేతి వంట తింటున్న నేను, ఆ ఇంటిపేరు వినడం అదే మొదటిసారి.