మల్కాపురం కుళాయి ఫొటో

1978 వేసవిలో ఒక తెలుగు దినపత్రిక నన్ను విశాఖపట్నం విలేకరిగా వేసింది. ఏడాది ప్రొబేషను. మాది కృష్ణా జిల్లా. మల్కాపురంలో అప్పలరాజు ఇంట్లో గది అద్దెకు దొరికింది. అతను పోర్టులో క్రేన్ ఆపరేటరు, నా వయసువాడే. వారం తిరక్కుండా నన్ను బావ అనడం మొదలుపెట్టాడు. వాళ్ళమ్మ పైడమ్మ అడక్కుండానే నా క్యారేజీలో చేపల పులుసు పెట్టేది.

మేం పంపిన వార్తలను దిద్ది పేజీలో పెట్టేవాళ్ళను డెస్కు అంటారు. ప్రధాన కార్యాలయంలోని మా డెస్కుకు ఉత్తరాంధ్ర అంటే తుఫాను, జ్వరాలు, నీటి ఎద్దడి. పోర్టుకు కొత్త ఓడ వచ్చిందని రాస్తే లోపలి పేజీలో నాలుగు లైన్లు, ఎద్దడి అని రాస్తే మొదటి పేజీ. ఇది గ్రహించడానికి నాకు రెండు నెలలు పట్టలేదు.

మా వీధి కుళాయికి రోజు విడిచి రోజు నీళ్ళొచ్చేవి. నేను ఫొటోగ్రాఫరుతో వెళ్ళిన ఉదయం ధారగా వస్తున్నాయి. ఫిల్ము మధ్యాహ్నం రైల్లో ప్రధాన కార్యాలయానికి పార్సిల్‌గా వెళ్ళాలి, అక్కడ జింకు రేకు మీద బ్లాకు చేస్తేనే ఫొటో అచ్చవుతుంది. ఇంకొక్క రోజు ఆగే ఓపిక లేక కుళాయి కట్టేయించాను. బిందెలు ఖాళీ చేయించి వరసగా పెట్టించాను. వాటి వెనక పైడమ్మను నిలబెట్టి నవ్వొద్దన్నాను.

"నీల్లొత్తంటే కట్టీమంతావేటి బాబు? పేపర్లో పడతానని కొత్త సీర కడితే, సావింట్లో మొకం పెట్టమంతావు" అంది ఆవిడ. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు నవ్వారు. నవ్వులు ఆగేదాకా ఉండి ఫొటో తీయించాను.

"దాహంతో అల్లాడుతున్న మల్కాపురం" అని మొదటి పేజీలో పడింది. న్యూస్ ఎడిటర్ ట్రంకాల్ చేసి మెచ్చుకున్నారు.

అప్పటికే అప్పలరాజుకు భీమిలి దగ్గర పల్లెలో ఒక రైతు కూతురితో సంబంధం ఖాయమైంది. పిల్లంటే అతనికి ప్రాణం. పత్రిక వచ్చిన నాలుగో రోజున పిల్ల తండ్రి వద్దని కబురు పెట్టాడు. అప్పలరాజు నన్ను వెంటబెట్టుకుని వెళ్ళాడు. ఆ రైతు పత్రిక తెచ్చి మా ముందు మంచం మీద పరిచాడు.

"ఈ బొమ్మలో ఉన్నాది మీ యమ్మే కదేటి? రేపు ఆ కాళీ బిందెల కాడ నిలబడాల్సింది నా పిల్ల."

ఆ పూట కుళాయి నేనే కట్టేయించానని చెప్పాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు.

"రాసిందీ నువ్వే, కాదన్నదీ నువ్వే. ఈ ముక్క కూడా అచ్చేసి అట్టుకురా బాబు. అప్పుడు మాటాడుకుందుం."

సవరణకు ఒక పద్ధతి ఉంది. ఏ తేదీన, ఏ పేజీలో, ఏది తప్పో రాసి విలేకరి సంతకంతో న్యూస్ ఎడిటర్‌కు పంపాలి. ఆ సాయంత్రమే రాశాను. కానీ నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. కవరు సొరుగులో పెట్టాను. "పడిందా బావ?" అని అప్పలరాజు రోజూ అడిగేవాడు. డెస్కులో ఉందని బొంకాను. నెల తిరిగేసరికి ఆ పిల్లను విజయనగరం వైపు ఇచ్చేశారు.

చాలా రోజుల తర్వాత, భోజనాల దగ్గర, అప్పలరాజుతో నిజం ఒప్పుకున్నాను.

"నాకెరికే బావ. అబద్దమాడినప్పుడు నువ్వు కంచంలోకి సూత్తావు" అన్నాడు. మళ్ళీ తనే, "సంబందం ఎందుకు పోయిందో అమ్మకి సెప్పకు. ఆ బొమ్మ గోడకి అంటించుకుంది" అన్నాడు.

మల్కాపురంలో నీళ్ళు రాని రోజులు నిజంగానే ఉండేవి. ఆ నిజాన్ని చాలాకాలం సాకుగా వాడుకున్నాను. ఆ రైతు ఎన్నడూ మల్కాపురం చూడలేదు. ఆయనకు ఆ ఊరంటే నేను పంపిన ఫొటోయే, దాన్ని నమ్మడం ఆయన తప్పు కాదు. ఎనభైల్లో బ్యూరో బాధ్యత నా మీద పడ్డాక, నీళ్ళు రాని రోజు ఫొటో కావాలంటే నీళ్ళు రాని రోజే వెళ్ళమని కొత్త విలేకరులకు చెప్పేవాణ్ణి. ఎందుకని అడిగినవాళ్ళకు అప్పలరాజు పెళ్ళి తప్పిపోయిన సంగతి చెప్పాను. పంపని సవరణ సంగతి మాత్రం చెప్పలేదు.